తల తిరిగితే ఎముక చూడండి

నమోదు 41

మా అప్ప తాగలేదు. తాగి తూలిందని మేస్త్రి పారినాయుడు జట్టు బోర్డు మీద రాయించాడు. ఆ అబద్ధానికి చక్రం ఆఫీసు ముద్ర వేసింది. ఈ లాగ్‌లో ఇంతవరకు గ్రీజు సంగతులే రాసేదాన్ని. ఇకనుంచి జరిగిందల్లా రాస్తాను. దీన్ని చదివేది ఆఫీసే కాబట్టి మీకే రాస్తున్నాను.

జరిగింది ఇది. నేనూ, నాకంటే పెద్దదైన మా అప్ప అసిరమ్మా ఇరుసు కింద పలకల మీద వెల్లకిలా పడుకుని పని చేస్తున్నాం. మీలో ఎవరూ ఆ పలక మీద పడుకుని ఉండరు. బేరింగు మన తల వెనక ఉంటుంది. పలక చివర నుంచి తల కిందికి వేలాడేసి కుడికి తిప్పితే తప్ప గ్రీజు పెట్టే కన్నం కనబడదు. బండి ఇరుసుకి కందెన పెట్టడం లాంటిదే. కాకపోతే ఈ బండిచక్రం ఆకాశంలో తిరుగుతుంది, దీని లోపల ఊళ్లున్నాయి. అప్ప తల వేలాడేసి తిప్పింది. తిప్పీ తిప్పకముందే పలక అంచులు రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసేసింది.

"ఏటయింది అప్పా?"

"తిరిగిపోతందే."

"ఇరుసు తిరక్కపోతే మనకి పనేటుంటాది?"

"ఎటకారం కాదే తవిటీ. ఇరుసు కాదు. నాను తిరుగుతున్నాను."

కాసేపటికి తగ్గింది. మళ్లీ తల కుడికి తిప్పితే మళ్లీ వచ్చింది. లేచి రెండడుగులు వేసి గోడకి కొట్టుకుంది. సరిగ్గా అప్పుడే మేస్త్రి వచ్చాడు. "పొద్దున్నే ఎక్కించీసావేటే అసిరమ్మా" అన్నాడు. అంతే విచారణ.

అప్ప వంతు అయిపోయింది. కిందకి దిగి పట్టా మీద చేపల తొట్ల దగ్గర పనిలో చేరాలి. పట్టా అంటే చక్రం అంచు, మీరుండే చోటు. అక్కడ మనిషికి మనిషి బరువుంటుంది. మేముండేది ఇరుసు పక్కన తేలిక గదుల్లో. ఇక్కడ మూడో వంతు బరువే. పోయిన ఏడాది వరకు ఇరుసు జట్లు రోజూ పని దిగి, లిఫ్టులో పట్టాకి వెళ్లి పడుకునేవి. మీరు లిఫ్టుని ఓడల సరుకుకే ఉంచేశారు. అప్పటినుంచి నెలల తరబడి సాగే వంతు మొత్తం పైనే తిండి, పైనే నిద్ర. వంతు అయ్యాక చక్రం ఆకు, అంటే ఇరుసునీ పట్టానీ కలిపే చువ్వ, వెంబడి నిచ్చెన దిగి రావాలి. తల తిరిగేవాళ్లని నిచ్చెన ఎక్కనివ్వరాదన్న రూలు కూడా మీదే.

తాగిందన్న మచ్చ ఉంటే చేపల తొట్ల పని పోతుంది. తల తిరుగుతోందంటే కిందికే దిగనివ్వరు. ఏది ఒప్పుకోమంటారు?

నమోదు 42

డాక్టర్ మంజూష పట్టా మీది క్లినిక్‌లో ఉంటుంది. మాకు తెర మీద కనిపిస్తుంది. అప్పని తెర ముందు కూర్చోబెట్టి మేస్త్రి ఏం రాయించాడో చెప్పాను.

"వాసన తెర దాటి రాదు కదా, ఆ మాట నేను పట్టించుకోను. ఆమె తలని కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి వాల్చండి. కళ్లు నాకు చూపించండి" అంది.

నేనూ మా జట్టులోని సింవాద్రీ కలిసి వాల్చాం. అప్ప కనుపాపలు గట్టున పడ్డ చేపల్లా కొట్టుకున్నాయి. కొంతసేపు కొట్టుకుని ఆగిపోయాయి.

"ఇది మందు తాగితే వచ్చింది కాదు. చెవి లోపల సున్నపు గుళికలు ఉంటాయి, ఇసుక కంటే సన్నం. ఏది పైన, ఏది కింద అని మనిషికి చెప్పేవి అవే. అవి చోటు తప్పి పక్కనున్న గొట్టంలో పడితే తల కదిపినప్పుడల్లా లోకం తిరుగుతున్నట్టు ఉంటుంది. మీ జట్టులో ఇంకెవరికైనా ఉందా?"

సింవాద్రి చెయ్యెత్తాడు. "నాకున్నాది డాక్టరమ్మా. సెప్తే తాగుబోతునంతారని సెప్పనేదు. నాను నిజంగానే తాగుతాను, అదో సిక్కు."

అప్ప కూడా నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. వాళ్లిద్దర్నీ పంపించి నన్ను ఉండమంది.

"నువ్వు పుస్తకాలు చదువుతావట కదా?"

"పాత వైద్యం పుస్తకాలండి. సగం అర్థమవుతాయి."

"అయితే సగమే చెబుతాను, ఎందుకంటే నాకు తెలిసిందీ సగమే. ఎముకలో ఉండేదీ సున్నమే. భూమ్మీద ఎముకలు పలచబడ్డవాళ్లలో ఈ తిరుగుడు ఎక్కువగా ఉన్నట్టు చూశారు. రెంటికీ సంబంధం ఉండొచ్చు. దాని వల్లే ఇది వస్తుందని మాత్రం ఎవరూ తేల్చలేదు. తక్కువ బరువులో ఉంటే ఎముక అరిగిపోతుందన్నది ఖాయం. మీకు ఎంత అరిగిందో తెలీదు."

"ఫొటో తీస్తే తెలీదా అండి?"

"స్కాన్ యంత్రం నా పక్క గదిలోనే ఉంది. తాళం ఆఫీసులో ఉంది. మీ జట్ల కోసం అడుగుతూనే ఉన్నాను. సంబంధం రుజువు కాలేదంటున్నారు."

ఇక్కడ మీకో మాట చెప్పాలి. 'ఉండొచ్చు' అన్న మాట నాకు చాలు. ఈ గోడ కూలొచ్చు అని ఎవరైనా అంటే దాని కింద పక్క వేసుకోం. కూలి రుజువయ్యేదాకా ఆగం. మీరు ఆగమంటున్నారు. గోడ కింద పడుకున్నది మీరు కాదు కాబట్టి.

నమోదు 44

43 రాయలేదు. తలలు తిప్పడంతోనే సరిపోయింది.

చోటు తప్పిన గుళికల్ని వెనక్కి పంపే పద్ధతి డాక్టరమ్మ నేర్పింది. మనిషిని కూర్చోబెట్టి తల కుడికి తిప్పాలి, వెనక్కి వాల్చాలి, ఆగాలి. తలని ఎడమకి తిప్పాలి, ఆగాలి. ఒళ్లంతా ఎడమ పక్కకి దొర్లించి మొహం నేలకి పెట్టించాలి, ఆగాలి. తర్వాత లేపాలి. మా దగ్గర బరువు తక్కువ, గుళికలు మెల్లగా జారతాయి, అందుకని భూమ్మీద కంటే ఎక్కువసేపు ఆగాలంది. చివర్లో ఇంకో మాట కూడా అంది. "గుర్తుపెట్టుకో, ఇది తిరుగుడికే. ఎముకకి కాదు."

అప్ప రెండుసార్లు కక్కింది. మూడోసారి లేచి కూర్చుని అటూ ఇటూ చూసి, "ఒలే, గోడ నిలబడిపోనాదే" అంది. నన్ను పట్టుకుని ఏడ్చింది.

తర్వాత సింవాద్రి. ఆ తర్వాత వరస కట్టారు. నాకు తప్ప అందరికీ ఉంది. అందరూ దాచుకున్నారు. ఒకడు కూర్చునే నిద్రపోతున్నాడు. ఒకామె మెడకి తువ్వాలు బిగించి, పట్టేసిందని చెప్పుకుంటూ తిరుగుతోంది. పక్కవాడికి లేదనుకుని ఎవరికి వాళ్లు సిగ్గుపడ్డారు. మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటే తవిటీ, మంగలి దుకాణం పెట్టీసావేటి?"

"కూకో బాబూ, నీకూ గీసీమంటావా?"

అందరూ నవ్వారు. ఆయన పోలేదు. గది ఖాళీ అయ్యేదాకా ఆగి, తలుపు చేరవేసి, మెల్లగా కూర్చున్నాడు. "నాదీ ఓపాలి సూడే. ఎవులికీ సెప్పకు" అన్నాడు. ఆయన కళ్లు కూడా అప్ప కళ్లలాగే కొట్టుకున్నాయి. ఈ సంగతి ఇక్కడ రాస్తున్నందుకు తిడతాడు. తిట్టనీ.

ఆ సాయంత్రమే బోర్డు మీద తాగుడు మాట చెరిపించాడు. కొత్తది రాయించాడు: తల తిప్పించుకున్నవాళ్లు ఫిట్. పనికీ ఫిట్, నిచ్చెనకీ ఫిట్.

"ఎముక్కి కాదని డాక్టరమ్మ సెప్పింది బాబూ, అది కూడా రాయించు" అన్నాను.

"ఆఫీసుకి రెండూ సెప్పేను. ఒకటి పాసయింది" అన్నాడు.

నమోదు 47

అప్పని లిఫ్టులో, పడుకోబెట్టి దింపమని డాక్టరమ్మ మిమ్మల్ని అడిగింది. లిఫ్టు సరుక్కే అన్నారు. మనిషి ఫిట్ అని బోర్డు మీదే ఉందిగా అన్నారు. నిచ్చెన మీదే బయల్దేరాం. తోడుగా దిగడానికి మేస్త్రి నాకు సెలవిచ్చాడు.

పై మెట్ల మీద ఈకల్లా ఉంటాం. కిందికి వచ్చేకొద్దీ ఎవరో సంచిలో రాళ్లు వేస్తున్నట్టు, చెయ్యి బరువు చేతికే తెలుస్తుంది. అప్ప ఆగి ఆగి దిగింది. ఆగినప్పుడల్లా చేపల మాటే.

"చేపలకి తల తిరుగుతాదేటే?"

"నాకేటి తెల్సు? అడిగి సెప్పు."

"అడుగుతాను. తిరిగితే నిన్ను పిలుస్తాను. పట్టుకుని తిప్పుదువు గాని."

ఇక్కడ మా ఆచారం చెప్పాలి. వంతు ముగించి దిగినవాళ్లు చివరి మెట్లు దిగరు, దూకుతారు. రెండు కాళ్లూ కలిపి పట్టా మీద దబ్బున పడాలి. నేల తన్నడం అంటాం. చప్పుడు ఎంత పెద్దదైతే మనిషి అంత నిండుగా తిరిగొచ్చినట్టు. రోజూ లిఫ్టులో దిగిన రోజుల్లో ఇది లేదు. జట్లని నెలల తరబడి పైన ఉంచడం మొదలయ్యాకే పుట్టింది. అప్ప కోసం కింద జనం నిలబడి ఉన్నారు. చేపల తొట్లవాళ్లు కూడా వచ్చారు.

'ఎముకకి కాదు' అన్న డాక్టరమ్మ మాట నాకు గుర్తొచ్చింది.

"అప్పా, దూకకు. దిగిపో."

"ఇన్నాళ్లు పైన పడుండి పిల్లినాగ దిగమంతావేటి? ఆల్లందరూ సూస్తన్నారు."

దూకింది. రెండు చప్పుళ్లు వినపడ్డాయి. ఒకటి నేలది.

జనం ముందు చప్పట్లు కొట్టారు. అప్ప లేవకపోవడం చూసి ఒక్కొక్కరే ఆపారు.

నమోదు 48

కుడి తుంటి ఎముక విరిగింది. విరిగాక మీకు తాళం దొరికింది. స్కాన్ గది తెరిచారు.

డాక్టరమ్మ ఫొటో చూపించింది. పుస్తకాల్లో చూసిన ఎముక లోపల గట్టిగా అల్లిన వల ఉంటుంది. మా అప్పది చిరుగుల వల.

"డెబ్బై ఏళ్ల మనిషి ఫొటో అయితే ఆశ్చర్యపోను. మీ అప్పకి ముప్పై ఒకటి" అంది. లోపల పట్టీ వేసి మేకులు బిగించానంది. కొన్ని మేకులకి పట్టు దొరకలేదంది.

"తల తిరిగిన రోజే ఈ ఫొటో తీసుంటే?"

"నిచ్చెన ఎక్కనిచ్చేదాన్ని కాదు. దూకుడు సంగతి తర్వాత."

"సంబంధం ఉన్నట్టేనా అండి?"

"ఒక్క మనిషిని చూసి తేల్చలేను తవిటమ్మా. మీ జట్టంతటినీ చూస్తే ఏదో ఒకటి తెలుస్తుంది. లేదని తేలినా నాకు సంతోషమే. చూడనివ్వమనే అడుగుతున్నాను."

అప్ప మత్తులోంచి లేచి మొదట అడిగింది ఇది: "నాను తన్నిన నేల పగిలిపోనాదేటే?"

పైనున్న మిగతావాళ్ల తలలు నిలబడ్డాయి. అందరూ ఫిట్. ఆ తిరుగుడు ఎముక పెట్టిన కేక అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. అయి ఉంటే మనమేం చేశాం? కేక ఆపించి పనికి పంపాం. ఆపింది నా చేతులతోనే. నేర్చుకున్నందుకు నాకు బాధ లేదు, అప్పకి ఆ నరకం తగ్గింది. సగం మాట తీసుకుని ఫిట్ ముద్ర చేసినవాళ్ల మీదే నా కోపం.

నమోదు 49

ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. నేల తన్నడం ఈరోజు నుంచి నిషేధమని చెప్పాడు. అప్ప సొంత తప్పిదం వల్ల పడిందని చెప్పాడు. మూడోది అప్ప మంచం పక్కన కూర్చుని, పళ్లు ఒలిచి పెట్టేవాడిలా మెత్తగా చెప్పాడు.

"మిమ్మల్ని మళ్లీ తేలిక గదికి పంపుతున్నామమ్మా. ఇక్కడి బరువుకి ఒళ్లు ఒరుసుకుపోతుంది, నొప్పి ఎక్కువ. అక్కడ హాయిగా ఉంటుంది."

"హాయి ఎక్కువయ్యే ఇలాగైనాను బాబూ" అంది అప్ప.

ఆయన నవ్వి, దుప్పటి సర్ది వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టలేదు. తన సంతకం లేకపోయినా ఉత్తర్వు నడుస్తుందట. నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. "విరిగిన ఎముక గట్టిపడాలంటే బరువు మొయ్యాలి. కొంచెం కొంచెంగా, రోజూ, ఇక్కడే. పైకి పంపితే మిగిలిన ఎముక కూడా పోతుంది. ఇక మళ్లీ దిగదు."

మళ్లీ దిగదు అంటే ఏమిటో మీకు తెలుసా? పట్టా బరువు మా అప్పని తొక్కేసేంత ఎక్కువైపోతుంది. చేపల తొట్లే కాదు, నేల మీద నిలబడటమే ఉండదు. బతికినంత కాలం ఇరుసు పక్కన గదిలో తేలుతూ, మెత్తబడుతూ. ముప్పై ఒక్కేళ్ల మనిషి.

గంజి తాగిస్తుంటే అప్ప నా మణికట్టు పట్టుకుంది. డాక్టరమ్మ మాట నేను చెప్పలేదు. తనకే తెలిసిపోయింది.

"తవిటీ, నొప్పుంటే ఉండనీ. ఎంతైనా పడతాను. నన్ను పైకి పంపనీకే."

"పంపనివ్వను అప్పా."

"నువ్వేటి సేస్తావే? ఆల్ల లిఫ్టు కదా."

సరుకు కోసం తప్ప కదలని లిఫ్టు ఆమెని పైకి తీసుకుపోవడానికి కదులుతుందట. కిందికి పడుకోబెట్టి దింపడానికి కదలనిది.

నమోదు 50

పొద్దున్న పక్క మీద నుంచి లేస్తూ తల కుడికి తిప్పాను. గది తిరిగింది. నాకూ మొదలైంది. తల తిప్పించుకోను. ఫొటో తీసేదాకా దీన్ని ఇలాగే ఉంచుతాను.

పైన జట్టుతో తెర మీద మాట్లాడాను. అప్ప సంగతి అందరికీ తెలిసిపోయింది.

"గ్రీజు ఆపేద్దుమేటే? ఒక్క రోజు ఆపితే ఆల్లే దిగొస్తారు" అన్నాడు సింవాద్రి.

"వద్దు మామా."

"ఏటి, బయ్యమా?"

భయమే. రాత్రంతా ఇదే ఆలోచించాను. ఇరుసు ఎండితే చక్రం మందగిస్తుంది. చక్రం మందగిస్తే పట్టా మీద బరువు తగ్గుతుంది. మా అప్ప ఎముకకి కావలసింది ఆ బరువే. మిమ్మల్ని లొంగదీయడానికి నా చేతిలో ఉన్న పెద్ద ఆయుధం మా అప్పకే తగులుతుంది. మీకు ఇది ముందే తెలిసి ఉంటుంది. అందుకే ఇంత ధీమాగా ఉన్నారు.

ఆ మాటే సింవాద్రికి చెప్పాను. ఆయన వెనక నుంచి మేస్త్రి గొంతు వినిపించింది.

"లిఫ్టుకి తలుపులు రెండే తవిటీ. తలుపు మూసుకోపోతే అది కదల్దు."

"నువ్వుంటావేటి బాబూ?"

"నాకూ తిరిగింది కదే" అన్నాడు.

కాబట్టి ఇప్పుడు పరిస్థితి ఇది. గ్రీజు పని ఆగదు, వంతులవారీగా నడుస్తుంది, ఊళ్లలో ఎవరికీ బరువు తగ్గదు. చక్రం మొత్తానికి ఒక్కటే అయిన నాలుగో ఆకు లిఫ్టు పై తలుపులో మేస్త్రి పారినాయుడు, సింవాద్రి, పనిలో లేని జట్టువాళ్లు కూర్చున్నారు. కింది తలుపులో నేను గడప మీద అడ్డంగా కూర్చుని ఇది రాస్తున్నాను. చేపల తొట్లవాళ్లు నాకు అన్నం తెచ్చారు, పెట్టి పోకుండా పక్కనే కూర్చున్నారు. ఓడల నుంచి దిగిన సరుకు పైన పేరుకుంటోంది. తలుపు మూస్తే నా కాళ్ల మీద మూయాలి. నా ఎముకలు ఎలా ఉన్నాయో మీకూ తెలీదు, నాకూ తెలీదు.

మేం అడిగేది వినండి. సూరాడ అసిరమ్మని పైకి పంపే ఉత్తర్వు రద్దు చేయాలి. ఆమె పట్టా మీదే ఉండి నడక నేర్చుకుంటుంది, ఎన్నాళ్లు పట్టినా. తల తిరిగిన ప్రతి మనిషికీ, తిరుగుడు తగ్గినా తగ్గకపోయినా, నిచ్చెన మీద కాలు పెట్టేముందు ఎముక ఫొటో తీయాలి. పైనున్నవాళ్లని ఈ వారమే లిఫ్టులో పడుకోబెట్టి దింపి ఫొటో తీయాలి. ఇరుసు జట్లు మళ్లీ రోజూ పట్టా మీద నిద్రపోవాలి. ఈ తిరుగుడికీ ఎముకకీ సంబంధం లేదని ఆ ఫొటోల్లో తేలితే ఈ లాగ్‌లోనే, నా చేత్తో, అది కూడా రాస్తాను.

మా అప్పని తీసుకుపోవడానికి రేపు పొద్దున్న మొదటి సైరన్ టైము పెట్టారు. మీకూ అదే గడువు. మళ్లీ ఆ మెత్తటాయన్ని పంపకండి. ఉత్తర్వు రద్దు కాగితం, స్కాన్ గది తాళంచెవి డాక్టర్ మంజూష చేతికిచ్చి ఇక్కడికి పంపండి. మొదటి సైరన్ లోపు.

— సూరాడ తవిటమ్మ, నాలుగో ఆకు ఇరుసు జట్టు